కార్డు ఖాతాలో మీరు చేయని ఖర్చు: రైతులు, డీలర్లు తెలుసుకొనవలసిన విషయాలు

పెట్టుబడి కావలసిన ప్రతిసారీ రైతు శాఖకు వచ్చి, చీటీ వ్రాసి, వరుసలో నిలబడి నగదు తీసుకొనిపోయే రోజులు చాలావరకు మారిపోయినవి. ఆర్.వి. గుప్తా కమిటీ సిఫార్సుల వెలుగులో 1998–99 కేంద్ర బడ్జెట్టులో ప్రకటింపబడి, నాబార్డు రూపొందించిన నమూనా ప్రకారం బ్యాంకులు అమలుచేసిన కిసాన్ క్రెడిట్ కార్డు మొదట ఒక పాస్‌పుస్తకం వంటిదే. 2012లో పథకాన్ని సవరించిన తరువాత అది ఏ.టి.ఎం.లోను, దుకాణంలోను పనిచేసే ప్లాస్టిక్ కార్డు రూపం దాల్చినది. 2018–19లో పశుపోషకులకు, మత్స్యకారులకు కూడా ఈ సౌకర్యం విస్తరించినది. నేడు విత్తనాల దుకాణంలోనో, పురుగుమందుల దుకాణంలోనో కార్డు గీసి కావలసినవి కొనుక్కొనే వీలు కలిగినది.

సౌకర్యం పెరిగినకొద్దీ ఒక కొత్త ప్రశ్న కూడా పుట్టినది. "నేను తీయని సొమ్ము నా ఖాతాలో ఖర్చుగా ఎలా పడినది?" అని మా క్షేత్ర పర్యటనలలో రైతులు అడగని గ్రామం అరుదు. ఈ ప్రశ్నకు భయంతోగాని, కోపంతోగాని సమాధానం దొరకదు. ఎవరికి, ఎప్పుడు, ఏ విధంగా తెలియజేయవలెనో తెలిసినవారికి నష్టం తగ్గుతుంది. అనేక సందర్భాలలో పూర్తిగా తప్పుతుంది కూడా.

ముందుగా అది ఏ రకపు ఖర్చో గుర్తించవలెను

పాస్‌పుస్తకంలో తెలియని ఖర్చు కనిపించగానే అది దొంగతనమే అనుకొనరాదు. అటువంటి పద్దులు సాధారణంగా నాలుగు రకాలుగా ఉంటవి. ఒక్కొక్కదానికి పరిష్కార మార్గం వేరు.

మొదటిది, మన సమ్మతితోనే పడి, మనం మరచిపోయిన ఖర్చు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు ఖాతా నుండి వాటంతట అవే మినహాయింపబడడం ఇందుకు ఉదాహరణ. ఈ రేట్లు 2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఇక పంటల బీమా సంగతి. 2020 ఖరీఫ్ నుండి ప్రధానమంత్రి ఫసల్ బీమా ఋణగ్రహీతలకు సైతం ఐచ్ఛికమైనది. అయితే ఈ పథకం అమలులో ఉన్నచోట, వద్దనుకొన్న ఋణగ్రహీత నమోదు గడువుకు కనీసం 7 రోజుల ముందుగా శాఖకు వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. అట్లు తెలియజేయనివారి ఖాతా నుండి ప్రీమియం మినహాయించడం నిబంధనకు లోబడినదే.

రెండవది, విఫలమైన లావాదేవీ. ఏ.టి.ఎం. నుండి నోట్లు రాలేదు గాని ఖాతాలో ఖర్చు పడినది. దుకాణంలో కార్డు గీయగా డీలరు యంత్రానికి ధ్రువీకరణ రాలేదు గాని సొమ్ము పోయినది. ఇది మోసం కాదు, సాంకేతిక లోపం. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశాల ప్రకారం ఈ రెండు సందర్భాలలోను లావాదేవీ జరిగిన రోజు తరువాత 5 రోజులలోగా సొమ్ము తిరిగి జమ కావలెను. ఆ గడువు దాటితే, ఖాతాదారుడు అడిగినా అడుగకున్నా, రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించవలెనని ఆ ఆదేశం.

మూడవది, దుకాణదారుతో తగవు. ఒకే కొనుగోలుకు రెండుసార్లు కార్డు గీయడం, 1,800కు బదులు 18,000 నమోదుచేయడం, సరుకు వాపసు ఇచ్చినా సొమ్ము తిరిగి రాకపోవడం ఇటువంటివి. ఇక్కడ బిల్లు, యంత్రం నుండి వచ్చిన చీటీ ముఖ్యమైన ఆధారాలు. ముందు డీలరుతో మాట్లాడి, పరిష్కారం కానిచో బ్యాంకుకు ఫిర్యాదు చేయవలెను.

నాలుగవది, అసలైన అనధికార లావాదేవీ. ఖాతాదారుడు చేయనిది, చేయుమని ఎవరికీ చెప్పనిది. ఈ వ్యాసంలో ప్రధానంగా చర్చించేది దీనినే.

ఋణఖాతాలో దొంగతనం పొదుపు ఖాతాలో దొంగతనం వంటిది కాదు

పొదుపు ఖాతా నుండి 50,000 రూపాయలు పోతే ఉన్న సొమ్ము పోయినట్లు. కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతా నుండి అంతే మొత్తం పోతే, తాను తీసుకోని అప్పు రైతు నెత్తిన పడినట్లు. ఆ అప్పుకు ఆనాటి నుండే వడ్డీ మొదలవుతుంది. 7 శాతం చొప్పున 50,000కు ఏడాది వడ్డీ 3,500 రూపాయలు. అంతేకాక పరిమితిలో 50,000 తగ్గిపోయినందున, కలుపు తీయడానికో, పైపాటు ఎరువుకో సొమ్ము అవసరమైన సమయానికి రైతు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కవలసి వస్తుంది.

దీనికి మించిన ప్రమాదం మరొకటి ఉన్నది. 2025–26కు కేంద్ర మంత్రివర్గం కొనసాగించిన వడ్డీ రాయితీ పథకం ప్రకారం 3 లక్షల వరకు పంట ఋణంపై వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లించినవారికి మరి 3 శాతం ప్రోత్సాహం. ఖాతాలో 2,00,000 అప్పు కనిపిస్తున్నది, అందులో 50,000 మోసగాడు తీసినది అనుకొందాం. "నేను వాడినది లక్షన్నరే గదా" అని ఆ మేరకు చెల్లించి, మిగిలినదానిని గురించి ఎవరికీ చెప్పక ఊరుకొన్న రైతు ఖాతా బ్యాంకు లెక్కలో గడువు మీరిన ఖాతాగా నమోదయ్యే ప్రమాదమున్నది. లక్షన్నరపై 3 శాతం ప్రోత్సాహమంటే ఏడాదికి 4,500 రూపాయలు. నోరు తెరచి చెప్పకపోవడం వలన ఈ లాభం కూడా చేజారవచ్చును. మరుసటి ఏడు ఋణం పునరుద్ధరణ వద్ద చిక్కు ఎదురుకావచ్చును. కాబట్టి తాను వాడిన భాగం గడువులోగా చెల్లిస్తూనే, తనది కాని పద్దుపై వ్రాతపూర్వకమైన ఫిర్యాదు పెట్టవలెను. ఈ రెండూ కలిసి జరగవలెను.

మోసం జరిగే దారులు

కార్డు పోవడం, దొంగిలింపబడడం పాత దారి. ఏ.టి.ఎం. వద్ద "నేను సాయం చేస్తాను పెద్దాయనా" అంటూ రహస్య సంఖ్య చూసి, అదే రకం వేరొక కార్డు చేతిలో పెట్టి పోయేవారు ఉన్నారు. ఏ.టి.ఎం. నుండి వచ్చిన ప్రతిసారీ కార్డుపై తన పేరు, అంకెలు సరిచూసుకొనడం మంచిది.

ఫోను ద్వారా జరిగేది రెండవ దారి. "మీ కార్డు నిలిచిపోతున్నది, కె.వై.సి. పూర్తిచేయండి", "పి.ఎం. కిసాన్ వాయిదా ఆగిపోయినది, ఈ యాప్ వేసుకోండి" అంటూ సందేశాలు వస్తవి. వాట్సాప్‌లో వచ్చే అటువంటి ఫైలును ఫోనులో స్థాపించితే, ఫోనుకు వచ్చే ఓటీపీలు మోసగాడికి చేరిపోయే అవకాశమున్నది. ఏ ప్రభుత్వ పథకానికైనా యాప్‌ను అధికారిక స్టోరు నుండి తప్ప, ఎవరో పంపిన ఫైలు నుండి తీసుకొనరాదు. సొమ్ము మనకు రావడానికి పిన్ నొక్కవలసిన అవసరం ఎన్నడూ లేదు. పిన్ నొక్కుమన్నారంటే సొమ్ము పోతున్నదని అర్థం.

మూడవది వేలిముద్ర. ఆధార్ ఆధారిత చెల్లింపు విధానంలో కార్డు గాని, ఓటీపీ గాని అక్కరలేదు. బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర చాలును. దస్తావేజుల ప్రతులపై ఉన్న వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి పొదుపు ఖాతాల నుండి సొమ్ము తీసిన కేసులు దేశంలో నమోదైనవి. ఆధార్ యాప్ ద్వారా బయోమెట్రిక్‌కు తాళం వేసుకొనవచ్చును. అయితే తాళం ఉన్నంతకాలం చౌకధరల దుకాణంలో కూడా వేలిముద్ర పనిచేయదు. అవసరమైనప్పుడు తాత్కాలికంగా తీయవలెను.

ఇక్కడ ఒక సందేహం తీర్చవలెను. రాయితీ ఎరువులు కొనేటప్పుడు డీలరు వద్ద యంత్రంపై వేలు పెట్టించుకొంటారు. 2018 నాటికి దేశమంతటా అమలైన ఎరువుల ప్రత్యక్ష రాయితీ విధానంలో అది కొనుగోలుదారు గుర్తింపు కొరకే. దాని వలన ఖాతా నుండి సొమ్ము కదలదు. అదే దుకాణంలో నగదు ఇచ్చే చిన్న ఏ.టి.ఎం. యంత్రం కూడా ఉండవచ్చును. దానిపై వేలు పెడితే సొమ్ము కదులుతుంది. వేలు పెట్టేముందు "ఇది ఏ యంత్రం, ఎంత మొత్తం?" అని అడగడం రైతు హక్కు, చీటీ ఇవ్వడం డీలరు విధి.

నాలుగవది మన పల్లెలలో సర్వసాధారణమై, ఎవరూ మోసమని భావించనిది. పాత బాకీకి హామీగా కార్డును, పిన్‌ను డీలరు వద్దనో, కమీషన్ వ్యాపారి వద్దనో వదలిపెట్టడం. దీని ఫలితం ముందు చెప్పబోయే బాధ్యత నియమాలలో స్పష్టమవుతుంది.

మొదటి గంటలో చేయవలసినవి

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు అన్న సామెత కార్డు మోసాల విషయంలో అక్షరాలా వర్తిస్తుంది. పోయిన సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు, అక్కడి నుండి ఇంకొకదానికి నిమిషాలలో మారుతుంది. అది నగదుగా మారకముందే పట్టుకొనగలిగితేనే ఫలితం. కనుక ఈ క్రింది పనులను వరుసగా చేయవలెను.

1. బ్యాంకు వినియోగదారుల సేవా నంబరుకు ఫోనుచేసి కార్డును నిలిపివేయించవలెను. ఆ నంబరు కార్డు వెనుక ఉంటుంది. కార్డే పోయినప్పుడు నంబరూ దానితోనే పోతుంది గనుక, ఈరోజే దానిని పాస్‌పుస్తకం లోపలి అట్టపై వ్రాసిపెట్టుకొనడం మేలు. ఇంటర్నెట్‌లో వెదకి దొరికిన నంబరును నమ్మరాదు. మోసగాళ్లు అక్కడ కూడా నకిలీ నంబర్లు పెడతారు.

2. ఫిర్యాదు సంఖ్య, తేదీ, సమయం అడిగి వ్రాసుకొనవలెను. ఆ వెంటనే రసీదు ఇవ్వవలసిన బాధ్యత బ్యాంకుపై ఉన్నది.

3. 1930 నంబరుకు ఫోనుచేయవలెను. కేంద్ర హోం శాఖ 2021లో 155260 సంఖ్యతో ప్రారంభించి, తరువాత 1930గా మార్చిన సైబర్ ఆర్థిక మోసాల సహాయవాణి ఇది. ఇక్కడ నమోదైన ఫిర్యాదు సొమ్ము చేరిన బ్యాంకుకు పంపబడుతుంది. సొమ్ము ఇంకా ఆ ఖాతాలో ఉన్నట్లయితే దానిని కదలకుండా నిలుపుతారు. జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చును.

4. మరునాడు శాఖకు వెళ్లి వ్రాతపూర్వకమైన ఫిర్యాదు ఇచ్చి, నకలుపై ముద్ర, తేదీ, సంతకం తీసుకొనవలెను.

5. పోలీసు ఫిర్యాదు అవసరమైతే, "మా పరిధి కాదు" అన్న మాటకు వెనుదిరుగనక్కరలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినప్పటికీ ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చును.

నష్టం ఎవరు భరించవలెను?

ఈ విషయమై రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న వాణిజ్య బ్యాంకులకు, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులకు, 2017 డిసెంబరు 14న సహకార బ్యాంకులకు ఆదేశాలు జారీచేసినది. వాటి సారాంశం ఇది.

బ్యాంకు తప్పు వలనగాని, బ్యాంకు సిబ్బంది మోసం వలనగాని నష్టం కలిగితే ఖాతాదారునికి ఏ బాధ్యతా లేదు. అతడు తెలియజేసినా తెలియజేయకున్నా బ్యాంకే భరించవలెను. గ్రామాలలో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్రల చర్యలకు కూడా బ్యాంకే జవాబుదారీ.

తప్పు బ్యాంకుది కాక, ఖాతాదారునిదీ కాక, మధ్యనున్న వ్యవస్థలో ఎక్కడో జరిగినట్లయితే, తెలియజేసిన వ్యవధిని బట్టి బాధ్యత మారుతుంది. బ్యాంకు నుండి సమాచారం అందిన తరువాత 3 పనిదినాలలోగా తెలియజేస్తే ఖాతాదారుని బాధ్యత శూన్యం. 4 నుండి 7 పనిదినాలలోగా తెలియజేస్తే అతని బాధ్యత పరిమితం. ప్రాథమిక పొదుపు ఖాతాకు ఆ పరిమితి 5,000 రూపాయలు. ఇతర పొదుపు ఖాతాలకు, 25 లక్షల లోపు పరిమితిగల వ్యక్తుల నగదు ఋణ, ఓవర్‌డ్రాఫ్టు ఖాతాలకు, 5 లక్షల లోపు పరిమితిగల క్రెడిట్ కార్డులకు 10,000. ఇతర కరెంటు, నగదు ఋణ ఖాతాలకు, 5 లక్షలు మించిన క్రెడిట్ కార్డులకు 25,000. పోయిన మొత్తం ఈ పరిమితి కన్న తక్కువైతే ఆ తక్కువ మొత్తమే బాధ్యత. 7 పనిదినాలు దాటితే బ్యాంకు పాలకమండలి ఆమోదించిన విధానాన్ని అనుసరించి నిర్ణయం జరుగుతుంది.

ఒక లెక్క చూద్దాం. రైతు కార్డుకు నకలు తయారై, కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతా నుండి 40,000 పోయినది. రెండవ పనిదినాన తెలియజేస్తే రైతుకు నష్టం లేదు. అయిదవ పనిదినాన తెలియజేస్తే 10,000 రైతుది, 30,000 బ్యాంకుది. పోయినది 6,000 మాత్రమే అయి, అయిదవ పనిదినాన తెలియజేస్తే ఆ 6,000 రైతే భరించవలసి వస్తుంది.

పనిదినాలను ఖాతా ఉన్న శాఖ పనిదినాలను బట్టి లెక్కిస్తారు. సమాచారం అందిన రోజును లెక్కలోనికి తీసుకొనరు. గురువారం రాత్రి సందేశం వచ్చినదనుకొందాం. శుక్రవారం ఒకటవ రోజు. మరునాడు రెండవ శనివారం, ఆపై ఆదివారం సెలవులు. సోమవారం రెండవది, మంగళవారం మూడవది. నియమం ప్రకారం మంగళవారం వరకు వ్యవధి ఉన్నది నిజమే. కాని ఆ వ్యవధి బాధ్యతను లెక్కించడానికే గాని, సొమ్మును పట్టుకొనడానికి కాదు. ఆ పనికి గురువారం రాత్రే ఫోను చేయవలెను.

ఇక ఖాతాదారుని అజాగ్రత్త వలన, అనగా పిన్ లేక ఓటీపీ ఇతరులకు చెప్పడం వలన నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టమంతా అతనిదే. తెలియజేసిన తరువాత జరిగే నష్టం మాత్రం బ్యాంకుది. ఉదయం 10 గంటలకు ఓటీపీ చెప్పగా 20,000 పోయినది; 10.30కి బ్యాంకుకు ఫోను చేశారు. 11 గంటలకు మరో 30,000 పోయినది. ఇందులో 20,000 ఖాతాదారుడు, 30,000 బ్యాంకు భరించవలెను. కాబట్టి "తప్పు నాదే గదా, ఇంక చెప్పి ఏమి లాభం" అని సిగ్గుపడి ఊరుకొనడం రెండవ నష్టాన్ని కొనితెచ్చుకొనడమే.

పిన్‌తోసహా కార్డును మరొకరి వద్ద ఉంచిన రైతు స్థితి కూడా ఇదే. ఆ కార్డుతో జరిగిన ఖర్చును అనధికారమని నిరూపించుకొనడం అతనికి బహు కష్టం.

మరొక ముఖ్యాంశం గమనింపదగినది. ఖాతాదారుని బాధ్యతను నిరూపించవలసిన భారం బ్యాంకుపైనే ఉన్నది. "పిన్ వాడబడినది కాబట్టి మీరే చేసి ఉంటారు" అన్న ఒక్క మాటతో ఫిర్యాదును త్రోసిపుచ్చడం ఆ ఆదేశాల స్ఫూర్తికి విరుద్ధం. ఇటువంటి నియమాలను రిజర్వు బ్యాంకు కాలానుగుణంగా సవరిస్తూ ఉంటుంది గనుక, మీ బ్యాంకు ఖాతాదారుల రక్షణ విధానపు తాజా ప్రతిని శాఖలో అడిగి చదువుకొనగలరు.

బ్యాంకు పాటించవలసిన గడువులు

అదే 2017 ఆదేశాల ప్రకారం, ఖాతాదారుడు తెలియజేసిన 10 పనిదినాలలోగా వివాదాస్పద మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా జమచేయవలెను. ఆ జమ, మోసం జరిగిన తేదీ నుండి వర్తించేటట్లు వేయవలెను. ఋణఖాతాదారులకు ఇది ఎంతో ముఖ్యం. తేదీ వెనుకకు వేయడం వలన మధ్యకాలపు వడ్డీ భారం రైతుపై పడదు. జమ పడిన తరువాత వడ్డీ కూడా సరిచేయబడినదో లేదో పాస్‌పుస్తకంలో తప్పక చూసుకొనవలెను. అయితే ఈ తాత్కాలిక జమ తుది తీర్పు కాదు. విచారణ ముగిసేవరకు ఆ సొమ్మును వాడుకొనే వీలు లేకపోవచ్చును. ఫిర్యాదు 90 రోజులలోగా పరిష్కారం కావలెను.

బ్యాంకు జారీచేసిన క్రెడిట్ కార్డులకు 2022 ఏప్రిల్ 21 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాలలో మరికొన్ని రక్షణలు కలవు. మోసమని వివాదపడిన లావాదేవీపై వివాదం తేలేవరకు ఎటువంటి రుసుము విధింపరాదు. అడుగని కార్డును అంటగట్టి రుసుము వసూలుచేస్తే, ఆ రుసుము రద్దుచేయడమే కాక దానికి రెట్టింపు మొత్తాన్ని జరిమానాగా చెల్లించవలెను. బాకీ ఏమీ లేని కార్డును మూసివేయుమని కోరితే 7 పనిదినాలలోగా మూసివేయవలెను. లేనిచో రోజుకు 500 రూపాయల జరిమానా. ఎరువుల కొనుగోలుకో, ట్రాక్టరు విడిభాగాలకో క్రెడిట్ కార్డు వాడే డీలర్లు, పెద్దరైతులు ఈ నియమాలను గుర్తుంచుకొనవలెను.

ఫిర్యాదు లేఖ నమూనా

లేఖలో ఆవేశం కన్న వివరాలు ఎక్కువగా ఉండవలెను. ఈ నమూనాను వాడుకొనవచ్చును.

"శాఖా మేనేజరు గారికి, నమస్కారములు. మీ శాఖలోని నా కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతా సంఖ్య ........ నుండి ........ తేదీన ........ గంటలకు రూ. ........ ఖర్చుగా నమోదైనది. కార్డు చివరి నాలుగంకెలు ........ . ఈ లావాదేవీని నేను చేయలేదు. చేయుటకు ఎవరికిని అనుమతి ఇవ్వలేదు. ఆ సమయమున కార్డు నా వద్దనే ఉన్నది / ........ తేదీన పోయినది. ఈ సంగతి నాకు ........ తేదీన ........ గంటలకు తెలిసినది. ........ గంటలకు మీ సేవా నంబరుకు తెలియజేయగా ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య ........ . 1930లో నమోదు సంఖ్య ........ . కావున పై మొత్తమును మోసము జరిగిన తేదీ నుండి వర్తించునట్లు జమచేసి, దానిపై వడ్డీని రద్దుచేసి, విచారణ ఫలితమును వ్రాతపూర్వకముగా తెలియజేయ ప్రార్థన."

ఎటువంటి పరిస్థితిలోను పిన్‌ను లేఖలో వ్రాయరాదు. ఆ సమయంలో మీరు వేరేచోట ఉన్నట్లు తెలిపే కాగితం ఏదైనా ఉంటే జతపరచవలెను. మార్కెట్ యార్డు తక్‌పట్టీ, ఎరువుల బిల్లు, ఆసుపత్రి చీటీ వంటివి కూడా సాక్ష్యాలే. ఫోనులోని సందేశాలను తుడిచివేయరాదు.

బ్యాంకు నుండి 30 రోజులలోగా సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. 2021 నవంబరు 12న ప్రారంభమైన సమగ్ర అంబుడ్స్‌మన్ విధానంలో ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలూ అవసరం లేదు. 14448 నంబరులో వివరాలు తెలుసుకొనవచ్చును. అయితే ముందుగా బ్యాంకుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండడం తప్పనిసరి. అందుకే శాఖ ముద్రగల నకలుకు అంత విలువ.

డీలర్లకు కొన్ని మాటలు

రైతు కార్డును దుకాణపు సొరుగులో ఉంచుకొనడం బాకీకి భద్రత అనిపించవచ్చును. వాస్తవానికి అది డీలరుకే ముప్పు. ఆ కార్డుతో ఎవరు ఏమి చేసినా మొదటి అనుమానం కార్డు దగ్గరపెట్టుకొన్నవారి మీదనే పడుతుంది. ఇతరుల పిన్‌ను మోసపూర్వకంగా వాడడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి సెక్షను క్రింద 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపదగిన నేరం. బాకీకి బిల్లు, ఖాతా పుస్తకం, రైతు సంతకం చాలును.

కార్డును కొనుగోలుదారు కళ్లెదుటనే గీయవలెను. పిన్ అతడే నొక్కవలెను. చదువురానివారికైనా అంకెలు చూపవచ్చును గాని, పిన్ అడిగి నొక్కరాదు. మొత్తాన్ని పైకి చదివి వినిపించి, చీటీ చేతికి ఇవ్వవలెను. మొదటిసారి విఫలమైనట్లు కనిపిస్తే వెంటనే రెండవసారి గీయక, కొనుగోలుదారు ఫోనులో సందేశం చూసి, యంత్రపు రోజువారీ జాబితా సరిచూసుకొనవలెను. సరుకు వాపసు వస్తే సొమ్మును నగదుగా ఇవ్వక, అదే కార్డుకు తిరిగి జమచేయడం ఉభయులకూ క్షేమం. రూపే డెబిట్ కార్డుపై 2020 జనవరి 1 నుండి వ్యాపారికి రుసుము లేదు గనుక, "కార్డు చార్జీ" పేరిట రైతు నుండి అదనంగా వసూలుచేయడానికి ఆధారం లేదు.

ముందుజాగ్రత్తలు

ఖాతాకు జతచేసిన ఫోను నంబరు రైతు చేతిలోని ఫోనుదే అయి ఉండవలెను. పట్నంలో ఉన్న కుమారుని నంబరో, ఎన్నడో వాడుక ఆపిన నంబరో ఉంటే మోసపు సందేశం మనకు చేరదు. వాడుక ఆగిన నంబరును కంపెనీలు కొంతకాలం తరువాత మరొకరికి కేటాయిస్తవి. అప్పుడు మన ఖాతా సమాచారం వారికి చేరుతుంది. నంబరు మార్చిన వెంటనే శాఖలో మార్పించుకొనవలెను.

2020 మార్చి 16 నుండి కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలోని ఏ.టి.ఎం.లలోను, దుకాణాల యంత్రాలలోను మాత్రమే పనిచేస్తవి. ఆన్‌లైన్, విదేశీ, తాకకుండా చెల్లించే సౌకర్యాలను ఖాతాదారుడు కోరితేనే తెరుస్తారు. తాకకుండా చెల్లించే విధానంలో 5,000 రూపాయల వరకు పిన్ అడుగదు. అవసరం లేనివారు దానిని మూసి ఉంచవచ్చును. రోజువారీ పరిమితిని కూడా అవసరం మేరకు తగ్గించుకొనవచ్చును. సంవత్సరంలో ఎక్కువభాగం కార్డు వాడని రైతు, విత్తనాల కాలంలో తెరచి, పని ముగిసిన తరువాత కార్డును తాత్కాలికంగా నిలిపివేసి ఉంచడం పొలానికి కంచె వేయడం వంటిది.

నెలకొకసారైనా పాస్‌పుస్తకంలో పద్దులు వేయించి, పంక్తి పంక్తీ చదువవలెను. చదువురానివారు ఇంటిలోని పిల్లల చేత చదివించుకొనవచ్చును. పద్దులు చదివించుకొనడం వేరు, పిన్ చెప్పడం వేరు. సందేహం కలిగితే శాఖలో అడగడానికి జంకరాదు. తెలియని పద్దుకు వివరణ కోరడం ఖాతాదారుని హక్కు, వివరించడం మా విధి.

పైరుకు పురుగు కనిపించిన రోజుననే మందు చల్లే రైతుకు, ఖాతాలో పట్టిన పురుగును సైతం ఆ రోజుననే గుర్తించి చెప్పడం కష్టమైన పని కాదు. కార్డును తన వద్దనే, పిన్‌ను తన మనసులోనే ఉంచుకొని, సందేహం కలిగిన నాడే తెలియజేసే ఖాతాదారునికి నియమాలు అండగా నిలుస్తవి.